బండి వెనక చీల

మర్రిగూడ,
ఏప్రిల్ 1961.

తమ్ముడు రఘుపతికి లీలక్క రాసేది.

నువ్వు చేసి పంపిన మూడు చక్రాల బండి చేరింది. మన వీధి లింగయ్య ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చి లారీ మీంచి దించి మన వాకిట్లో పెట్టాడు. చూడ్డానికి సగం ఊరు కదిలొచ్చింది. నా పెళ్లే జరిగుంటే ఇంతమంది వచ్చేవాళ్లు కాదు. పక్కింటి పుల్లమ్మ చక్రాలకు బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. అమ్మ కొంగుతో సీటు తుడిచింది. అందరూ కలిసి నన్ను ఎత్తి కూర్చోబెట్టారు. ఆ తర్వాతి సంగతి చెబితే నీ మొహం చిన్నబోతుంది. అయినా చెప్పక తప్పదు.

సైకిలు పెడళ్లను ఛాతీ ముందు బిగించి చేతులతో తిప్పుకోమన్నావు. తిప్పాను. పెడలు పైకి పోతుంటే నా చెయ్యి సగం దాకా పోయి ఆగిపోయింది. బండి కదల్లేదు. చుట్టూ నిలబడి "తిప్పు లీలమ్మా, ఇంకింత తిప్పు" అని అందరూ ఒకటే కేకలు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

నీకు ఇన్నాళ్లూ రాయలేదు. మోకాళ్లు బిగుసుకుపోయిన సంగతి నీకు తెలుసు. ఇప్పుడు భుజాలు కూడా రొమ్ము దాటి లేవడం లేదు. ఈ ఏడు మెడ పట్టేసింది. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే తిరిగి చూడలేను. నల్లగొండ డాక్టరు "మీ ఊరి బావి నీళ్లే ఎముకల్లో చేరినయి, ఊరు మారండి" అన్నాడు. ఆయన చెప్పినంత సులువుగా మారగలిగితే ఈ ఊళ్లో పిట్ట కూడా మిగలదు.

చేతులు ముందుకు తోయగలను, వెనక్కి గుంజుకోగలను, రంపం కోసినట్టు. నాకు మిగిలిన బలం అంతే. దానితో బండి నడిచే ఉపాయం ఏదైనా ఉందేమో చూడు.

ఇంత పట్టుదల ఎందుకంటావా? పంచాయతీ సమితి వాళ్లు గుట్టకింది గూడెంలో చిన్నపిల్లల బడి పెడుతున్నారు. బాపు చదివించిన ఏడో తరగతి నా దగ్గర ఉత్తగనే పడి ఉంది కదా, గ్రామసేవికమ్మను పిలిపించి నేను చెబుతానని అడిగాను. ఆమె మంచిగానే మాట్లాడింది. "చదువు చాలు లీలమ్మగారూ. కాని రోజూ పొద్దున మీ అంతట మీరు రావాలి. ఇంకొకరు తోసుకొస్తే, వాళ్లకు పనిపడ్డ రోజు బడి మూతపడుతుంది" అన్నది.

గూడెం ఇక్కడికి కోసు దూరం. నేను గడప దాటాలంటే ఒకరు ఎత్తాలి, ఒకరు తోయాలి, ఇద్దరికీ తీరిక ఉండాలి. నాకు మాత్రం ఎప్పుడూ తీరికే. ఈ బడి నాకు కావాలి రఘుపతీ. ఇంత గట్టిగా నేను నిన్ను ఏదీ అడగలేదు.

నీ అక్క
లీల


అచ్చంపేట,
మే 1961.

అక్కకు రఘుపతి దండాలు.

నీ ఉత్తరం షాపులోనే చదివాను. ఆయిలింజను విప్పి ఉన్నాను, కాగితమంతా నా నల్లటి వేలిముద్రలు పడ్డాయి. భుజాలు లేవవని ఒక్క ముక్క రాసుంటే ఆ పెడళ్లు పెట్టేవాడినే కాదు. నీకు కోపమొస్తే పేజీలు నింపుతావు, నొప్పి వస్తే మాత్రం నోరు మెదపవు.

రంపం కోసినట్టు అన్నావు చూడు, ఆ మాట పట్టుకున్నాను. పెడళ్లు పీకేస్తాను. నీ ముందు ఒక నిలువు కర్ర పెడతాను. ముందుకు తోసినా బండి ముందుకే పోవాలి, వెనక్కి గుంజినా ముందుకే పోవాలి. పాత సైకిళ్ల ఫ్రీవీళ్లు రెండు కలిపితే అవుతుంది, షాపులో చేసి చూశాను. కర్ర తలను ఎటు మెలిపెడితే బండి అటు తిరుగుతుంది. బ్రేకు నీ బొటనవేలి కింద ఉంటుంది. మెడ తిరక్కపోతే ఏం, లారీ అద్దం పాతదొకటి ఉంది, నీ కళ్ల ముందు బిగిస్తాను. వెనక వచ్చేవాళ్లను కూర్చున్నచోటునుంచే చూడొచ్చు.

కొలతలు కావాలి. అమ్మకు అంకెలు రావు గాని ముడి వేయడం వచ్చు. నువ్వు గోడకు ఆనుకుని కూర్చో. నులకతాడు నీ రొమ్ము దగ్గర పట్టి, చెయ్యి ఎంత ముందుకు పోతుందో అక్కడొక ముడి, ఎంత వెనక్కి వస్తుందో అక్కడొక ముడి వేయమను. మంచం ఎత్తుకు ఇంకో తాడు. రెండూ కవర్లో పెట్టి పంపు. సీటు మంచానికి సమంగా ఉంటే మధ్యన పలక వేసుకుని నీ అంతట నువ్వే జరగొచ్చు, ఎత్తేవాళ్లు అక్కర్లేదు.

నీ మరదలు పోయినప్పటినుంచి గదిలో దీపం పెట్టబుద్ధి కాదు. హోటల్లో తిని షాపు ముందు బల్ల మీద కూర్చుంటాను. అడవినుంచి చెంచులు తేనె, బంక తెచ్చి అమ్ముకుని పొద్దుగూకకముందే పోతారు. ఆ తర్వాత నన్ను పలకరించే మనిషి ఉండడు. ఇప్పుడు నీ బండి పని ఉంది కాబట్టి సాయంత్రాలు బాగున్నాయి. వానలు పడకముందే సామాను పట్టుకుని నేనే వస్తాను.

రఘుపతి


మర్రిగూడ,
జూలై 1961.

తమ్ముడికి,

నువ్వు బస్సెక్కిన మర్నాటినుంచి ఈ వీధిలో నా పెత్తనమే. కర్ర తోస్తే ముందుకు, గుంజితే ముందుకు. లింగయ్య ఎడ్లు ఈ చప్పుడుకు ఇంకా అలవాటు పడలేదు, నన్ను చూస్తే పక్కకు తప్పుకుంటాయి. ఊళ్లో నన్ను చూసి తప్పుకునేవాళ్లు ఇన్నాళ్లకు దొరికారు. పలకకు ఆముదం రాశాను. మంచం మీంచి బండి మీదికి జారడం ఎంత సులువైందంటే మొదటిరోజు అవతలికి పోయి పడేదాన్ని.

అద్దం సంగతి నీకు చెప్పాలి. ఇన్నేళ్లూ అమ్మ నన్ను చెక్కబండి మీద పెట్టి తోసేది. అమ్మ గొంతు వినడమే గాని తోసేటప్పుడు ఆమె మొహం నేను ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు అమ్మ తోయకపోయినా వెనకాలే నడిచొస్తుంది. అద్దంలో కనబడుతుంది. ఎంత ముసలిదైపోయింది రఘుపతీ! పెదాలు కదులుతుంటాయి, నాతో కాదు, తనలో తనే ఏదో అనుకుంటుంది. "అమ్మా, నువ్వు ఇంటికాడ ఉండు, నేను పోయొస్త" అంటే "పో పో, నేనేమన్న పట్టుకున్ననా" అంటుంది, మళ్లీ అద్దంలో ఉంటుంది.

నువ్వు చివరి రోజు సీటు వెనక ఒక చీల పెట్టి పోయావట. చక్రంలోకి దిగితే బండి కదలదు. వాకిలి ఏటవాలుగా ఉంది కాబట్టి ఆగినప్పుడల్లా వేయాలని నువ్వే చెప్పావని అమ్మ అంటుంది. బ్రేకు ఉండగా అదెందుకో నాకు అర్థం కాలేదు. పైగా నా చెయ్యి అక్కడికి అందదు. అమ్మ వేయాలి, అమ్మ తీయాలి. తర్వాత వచ్చినప్పుడు దాన్ని ముందుకు మార్చు.

వచ్చే నెల సమితినుంచి పెద్దాఫీసరు గూడేనికి వస్తాడట. నేను నా అంతట వచ్చి చూపించాలి. రోజూ గూడెం దారిలో సగం దాకా పోయి వస్తున్నాను, అద్దంలో అమ్మతో సహా.

లీల


అచ్చంపేట,
ఆగస్టు 1961.

అక్కకు,

చాలా సంతోషం. పని ఎక్కువగా ఉంది, పొడుగ్గా రాయలేను. వానలకు ఇంజన్లన్నీ ఒక్కసారే మొరాయించాయి. ఫ్రీవీళ్లకు వారం వారం నూనె వెయ్యి. చీల సంగతి తర్వాత చూద్దాం, ప్రస్తుతానికి ఉండనీ. అమ్మ మనసు నొప్పించకు.

నువ్వు ఉత్తరంలో ఎడ్ల సంగతి రాశావు కదా, అది మా షాపు సేటుకు చదివి వినిపించాను. ఆయన నవ్వాడు. నాకు ఆ రోజంతా బాగుంది.

రఘుపతి


మర్రిగూడ,
సెప్టెంబరు 1961.

రఘుపతికి,

ఆఫీసరు వచ్చాడు, పోయాడు. నేను పోలేదు.

ఆ రోజు తెల్లారగానే తయారయ్యాను. ఉతికిన చీర కట్టుకుని, పలక మీద జారి బండెక్కి కూర్చున్నాను. కర్ర తోశాను, కదల్లేదు. "అమ్మా, చీల తియ్యి" అన్నాను. "జర ఆగు బిడ్డా, పాలు పొంగుతున్నయి" అన్నది. పాలు పొంగడం ఎంతసేపు? మళ్లీ పిలిచాను. "బర్రెకు గడ్డేసి వస్త." మళ్లీ పిలిచాను. పలకలేదు. అద్దంలో చూస్తున్నాను. కొట్టం గుంజ పక్కన నిలబడి ఉంది. చేతిలో గడ్డి లేదు, ఏమీ లేదు. నా వీపు వైపు చూస్తూ నిలబడింది. అద్దంలో కనబడుతుందని ఆమెకు తెలియదు.

ఎండ నడినెత్తికొచ్చాక వచ్చి చీల తీసి, "పోదామా" అన్నది. ఎక్కడికి పోను?

గ్రామసేవికమ్మ సాయంత్రం ఇంటికొచ్చింది. "మీరొస్తారని ఆయన్ని చాలాసేపు కూర్చోబెట్టాను" అన్నది. వేరే మనిషి దొరికేదాకా బడి ఆపారట. నా ఒంట్లో బాగాలేదని అమ్మ చెప్పింది. నేను కాదనలేదు. అమ్మ అబద్ధమాడిందని ఇంకొకరి ముందు ఎట్లా అంటాను?

ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. చేతులు వీపు వెనక్కి పోనిదానికి చీల వెనక పెట్టింది ఎందుకు? కొలతలన్నీ ముడి ముడికీ సరిపోయేలా చేసినవాడివి, ఇదొక్కటి పొరపాటున పెట్టావంటే నమ్మను. కంచె దూకే గొడ్డుకు గుదికర్ర కట్టినట్టు కట్టావు. ఆ గొడ్డుకైనా కర్ర కంటిముందే వేలాడుతుంది.

నిజం రాయి. లేకపోతే రాయకు.

లీల


అచ్చంపేట,
సెప్టెంబరు 1961.

అక్కా,

నిజమే రాస్తున్నాను. దీనివల్ల ఏం జరుగుతుందో నాకు భయంగా ఉంది.

నేను బస్సెక్కే ముందురోజు అమ్మ నన్ను కొట్టం వెనక్కి తీసుకుపోయింది. "అది ఒక్కతే పోయి చేను చెలకల బోర్లపడితే ఎట్లరా? లేవలేదు, పక్కకు ఒత్తిగిల్లలేదు. ఎవ్వలన్న చూసేదాక మట్టిల మొకం బెట్టి పడుండాలె. నువ్వు అచ్చంపేటల కూసుంటవు, సూసేది నేను" అన్నది. నేను బ్రేకు చూపించాను, మూడు చక్రాల బండి బోర్లపడదని చెప్పాను. వినలేదు. చివరికి, "నేను తీస్తెనే కదిలేటట్టు ఏదన్న చెయ్యి బిడ్డా. నా పానం ఉన్నన్ని దినాలు. నాకు దాని ఎనక నడుసుడు తప్ప ఇంకేమున్నది" అని ఏడ్చింది.

అంతటితో ఆగలేదు. నా చెయ్యి తీసుకుని తన నెత్తిమీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. ఇది నీకు చెబితే తను చచ్చినంత ఒట్టు. తల్లి నెత్తిమీద చెయ్యి పెట్టాక ఎట్లా చెబుతాను? బాపు లేడు, ఇంటిది లేదు. మీ ఇద్దరే ఉన్నారు నాకు. ఇప్పుడు చెప్పేశాను. అమ్మకు ఏదన్నా అయితే నా పాపమే.

పుల్లమ్మతో ఆ చీల తీయించి బావిలో వేయించు. నేను చెప్పానని మాత్రం అమ్మతో అనకు.

నీ తమ్ముడు
రఘుపతి


అచ్చంపేట,
నవంబరు 1961.

అక్కకు,

నీ దగ్గరనుంచి ఉత్తరం లేదు. పోస్టుమాను షాపు ముందునుంచి పోయేటప్పుడు తల ఎత్తకుండా పనిచేస్తున్నట్టు ఉంటాను. అయినా ఆయన "లేదు రఘుపతీ" అని చెప్పే పోతాడు. చెప్పకపోతే బాగుండును.

దీపావళికి సేటు ఇంటికి పిలిచాడు, పోలేదు. గదిలో కూర్చుని నీ పాత ఉత్తరాలన్నీ చదివాను. నువ్వు తిడుతూ రాసినవే ఎక్కువ ఉన్నాయి. తిట్టడానికైనా రాయి.

చీల తీశారా? అమ్మ ఎట్లా ఉంది? ఆమె బాగున్నదని ఒక్క ముక్క రాస్తే చాలు.

రఘుపతి


మర్రిగూడ,
జనవరి 1962.

తమ్ముడికి,

ఇన్నాళ్లూ రాయలేదు. కోపంతోనే రాయలేదు. నీ మీదో అమ్మ మీదో తేల్చుకోలేకపోయాను. పుల్లమ్మను చీల తీయమంటే, "తల్లీబిడ్డల నడుమ నేనెందుకు, నాకు వద్దమ్మా" అన్నది. లింగయ్య ఒకసారి తీస్తే అమ్మ సాయంత్రానికి మళ్లీ వేసింది. నేను నోరు మూసుకున్నాను. ఒకే ఇంట్లో ఇద్దరం, పొద్దుగూకేదాకా రెండు మాటలు లేవు. రొట్టె పెట్టేది, తినేదాన్ని. బండి వాకిట్లో పెట్టి చీల వేసేది, ఎండలో కూర్చునేదాన్ని. ఒంటరితనమంటే మనుషులు లేకపోవడం అనుకునేదాన్ని. కాదు, మనిషి ఎదురుగా ఉన్నా అది పోదు.

పోయిన నెల అమ్మ పడిపోయింది. భయపడకు, బతికే ఉంది. నేను వీధివైపు మొహం పెట్టి బండిలో ఉన్నాను, చీల వేసి ఉంది. వెనక దబ్బుమని చప్పుడైంది, తర్వాత అమ్మ అరుపు. తిరిగి చూడలేను కదా. అద్దంలో చూశాను. కొట్టం దగ్గర పడి ఉంది, ఒక కాలు వంకరగా మడతపడింది. కేకలు పెట్టాను. ఊరంతా పత్తి ఏరడానికి పోయారు, పుల్లమ్మ కూడా. కర్ర పట్టుకుని ఊపాను. బండి ఊగింది గాని ముందుకు జానెడైనా పోలేదు.

"లీలా, అరవకు" అన్నది అమ్మ. మోచేతుల మీద పాక్కుంటూ నా వైపు రావడం మొదలుపెట్టింది. అంత చిన్న అద్దంలో అమ్మ కొంచెం కొంచెం పెద్దదవుతూ వచ్చింది. ఆగేది, మూలిగేది, మళ్లీ పాకేది. తర్వాత బాగా దగ్గరికొచ్చి అద్దంలోంచి కిందికి పోయింది. ఊపిరి మాత్రం వినబడుతోంది. చీల గుంజిన చప్పుడైంది.

"పో బిడ్డా" అన్నది.

వెనక ఎట్లా పడి ఉందో చూడకుండానే పోయాను. పత్తిచేల దాకా పోయాను రఘుపతీ, రాళ్ల దారిలో, ఒక్కదాన్నే. నన్ను చూసి వాళ్లంతా నా వెనకాల అమ్మ కోసం చూశారు. అప్పుడే వాళ్లకు సంగతి అర్థమైంది, నేను నోరు తెరవకముందే పరుగెత్తారు. అమ్మ తుంటి ఎముక విరిగింది. దేవరకొండ దవాఖానలో కట్టు కట్టి, ఇక నడవడం కష్టమన్నారు. ఇప్పుడు నా మంచం పక్కన ఇంకో మంచం మీద ఉంది.

చీల ఎక్కడ పడిందో ఎవరూ వెతకలేదు. నేను మరుసటి వారమే గూడెం పోయి గ్రామసేవికమ్మ ముందు బండి ఆపాను. ఆమె నా వెనక ఎవరున్నారని చూసి, బడి తాళం నా ఒళ్లో పెట్టింది.

లీల


అచ్చంపేట,
జనవరి 1962.

అక్కా,

ఒట్టు తప్పాను, అమ్మ పడింది. నేను భయపడిందే జరిగింది. అన్నం పోవడం లేదు.

ఇక్కడ పని మానేసి వస్తాను. మర్రిగూడలోనే సైకిళ్లు, ఇంజన్లు బాగుచేసుకుంటాను. మీ ఇద్దర్నీ నేనే చూసుకుంటాను. నువ్వు కూడా ఇక ఆ బడి మానెయ్యి అక్కా. అమ్మ మంచంలో ఉండగా ఆ రాళ్ల దారిలో నువ్వు ఒక్కదానివే తిరగడం ఎందుకు? నేనుండగా నీకు ఆ ఒంటరి బతుకు వద్దు. ఒప్పుకున్నానని ఒక్క ముక్క రాయి, వచ్చేస్తాను.

రఘుపతి


మర్రిగూడ,
ఫిబ్రవరి 1962.

తమ్ముడికి,

అమ్మ పడ్డది పేడ మీద కాలు జారి, నీ ఒట్టు మీద కాదు. నువ్వు ఒట్టు తప్పింది వానాకాలంలో, ఆమె పడింది పత్తి ఏరేటప్పుడు. ఒట్టు అంత నెమ్మదిగా నడిచి రాదు. కడుపునిండా తిను.

నువ్వు రా. అమ్మ కోసం రా, నీ కోసం రా. దీపం పెట్టబుద్ధి కాని ఆ గదికి తాళం వేసి రా. కాని బడి మానుకోమని చెప్పడానికైతే ఆ బస్సెక్కవద్దు. అమ్మ చీల తీసి నన్ను పంపింది, ఇప్పుడు నువ్వొచ్చి మాటలతో వేయకు.

నాకేం బాధ లేదని రాయను. నేను బయల్దేరేటప్పుడు అమ్మ గోడవైపు తిరిగి పడుకుంటుంది. పగలు పుల్లమ్మ గంజి పోస్తుంది. నేను తిరిగొచ్చేసరికి మొహం తలుపు వైపు ఉంటుంది. మంచంలో పగలు ఎంత పొడుగుంటుందో ఈ ఊళ్లో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. తెలిసీ పోతున్నాను. బడిలో గొర్లకాపరుల పిల్లలే ఎక్కువ. ఒక్కడు కుదురుగా కూర్చోడు. లేచి పట్టుకోలేను కదా, కథ మధ్యలో ఆపేస్తాను, వాళ్లే వచ్చి కూర్చుంటారు.

ఒంటరి బతుకు వద్దన్నావు. నిన్న సాయంత్రం గూడెంనుంచి వస్తూ చెలకల మధ్య బండి ఆపాను. ముందు ఎవరూ లేరు, అద్దంలోనూ ఎవరూ లేరు. ఎందుకో ఏడుపొచ్చింది. నా చెయ్యి నోటిదాకా వస్తుంది గాని కంటిదాకా రాదు. ఇన్నేళ్లూ కంట్లో నీళ్లు కనబడితే చాలు, అమ్మ కొంగుతో తుడిచి, ఎందుకో చెప్పేదాకా వదిలేది కాదు. అందుకని ఏడవడమే మానుకున్నాను. నిన్న తుడిచేవాళ్లు లేరు, ఎందుకని అడిగేవాళ్లూ లేరు. నాకు తోచినంతసేపు ఏడ్చాను. గాలికి మొహం ఆరేదాకా అక్కడే కూర్చుని, అప్పుడు కర్ర ముందుకు తోశాను.

నీ అక్క
లీల